కొలోనియల్ అమెరికా పూర్వీకుణ్ణి భూమి కాయితాల్లో, వీలునామాల్లో వెతికి పట్టుకోవడం ఎలా

నేను తెనాలి దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట టేబుల్ వేసుకుని చాలా ఏళ్ళు దస్తావేజులు రాశాను. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలు వర్జీనియాలో కూతురి దగ్గర ఉంటున్నా. అల్లుడు అమెరికన్, వాళ్ళ అమ్మగారి వైపు వాళ్ళు 1700ల నుంచీ, అంటే ఇది ఇంగ్లీషువాళ్ళ కాలనీగా ఉన్న రోజుల నుంచీ, ఈ చుట్టుపక్కలే ఉన్నారని ఇంట్లో అనుకుంటారు గానీ ఒక్క కాయితం లేదు, సరే చూద్దాం అని మొదలుపెట్టా. మొదలుపెట్టాక తెలిసింది, ఇది నేను జీవితమంతా చేసిన పనే. ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ చుట్టూ మనవాళ్ళ ఇళ్ళల్లో అమెరికన్ కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు, పిల్లలకి రెండు వైపులా వంశం తెలియాలి కదా, ఆ రెండో వైపు ఎలా వెతకాలో నేను చేసిన క్రమంలోనే చెప్తాను.

ఒక్క సూత్రం పట్టుకోండి చాలు. మనం స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం చూడండి, ఈయనకి ఎవరు అమ్మారు, ఆయనకి ఎలా వచ్చింది, స్వార్జితమా పిత్రార్జితమా అని. అక్కడా అంతే. మీ మనిషి చేతిలో ఉన్న ప్రతి ఎకరం ఎలా వచ్చిందో ఎలా పోయిందో తేల్చండి. అమ్మినట్టు కాయితం ఉంది, కొన్నట్టు లేదు అంటే ఆ భూమి చాలావరకు తండ్రి నుంచో, మామగారి నుంచో వచ్చిందన్నమాట. ఆ ఖాళీ దగ్గరే వెనకటి తరం దొరుకుతుంది. పుట్టిన తేదీలు, చర్చి రిజిస్టర్లు దక్షిణాది కాలనీల్లో చాలాచోట్ల మిగల్లేదు, భూమి మాత్రం ఎవరూ కాయితం లేకుండా వదలరు.

స్టెప్ 1: తెలిసిన దగ్గర్నుంచి వెనక్కి నడవండి

ఎవరో ఒకాయన 1650లో ఓడ దిగాడు, ఆయన ఇంటిపేరూ మనదే, కాబట్టి మనవాడే అని పైనుంచి కిందికి రావద్దు. ఇంటిపేరు ఒకటైతే బంధువులైపోతే మన ఊళ్ళలో సగంమంది అన్నదమ్ములే. ఇంట్లో తెలిసిన తాతముత్తాతల నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి. 1850 సెన్సస్ దాకా పని తేలిక, ఎందుకంటే ఇంట్లో బానిస కాని ప్రతి మనిషి పేరూ రాయడం అప్పుడే మొదలైంది. అంతకుముందు సెన్సస్‌లలో ఇంటిపెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్ళు అంకెలు. మొదటి సెన్సస్ 1790ది గానీ వర్జీనియా లిస్టులు పోయాయి, దాని బదులు 1782 నుంచి ఉన్న పన్నుల లిస్టులు చూస్తారు. ఆ లిస్టుల్లో మీ మనిషి ఏ కౌంటీలో ఉన్నాడో తేలాక మన అసలు పని మొదలు.

స్టెప్ 2: మనిషి కంటే ముందు కౌంటీ వంశవృక్షం గీయండి

ఇది చాలామంది వదిలేస్తారు, వదిలేసి సంవత్సరాలు పోగొట్టుకుంటారు. మన దగ్గర జిల్లాలు విడిపోయినట్టే అక్కడ కౌంటీలు విడిపోతూ వచ్చాయి. ఇప్పటి లౌడన్ కౌంటీ 1757లో ఫెయిర్‌ఫాక్స్ నుంచి విడిపోయింది, ఫెయిర్‌ఫాక్స్ 1742లో ప్రిన్స్ విలియం నుంచి, ప్రిన్స్ విలియం ఏమో 1731లో స్టాఫర్డ్, కింగ్ జార్జ్ కౌంటీల నుంచి వచ్చింది. అంటే మనిషి ఒక్క అడుగు కదలకుండా అదే ఇంట్లో ఉన్నా ఆయన కాయితాలు నాలుగు కోర్టుల పుస్తకాల్లో ఉంటాయి. విడిపోయినప్పుడు పాత పుస్తకాలు పాత కోర్టులోనే ఉండిపోతాయి, కొత్త కౌంటీకి రావు. నేను మొదటి 2 నెలలు లీస్‌బర్గ్ పుస్తకాలే (లౌడన్ కోర్టు అక్కడే) తిరగేసి 1757 ముందు ఏమీ లేదేంటి, వీళ్ళు ఎక్కడ్నుంచో వలస వచ్చారేమో అనుకున్నా, తీరా చూస్తే వాళ్ళు ఎక్కడికీ పోలేదు, కౌంటీయే వాళ్ళ మీదకి వచ్చింది.

కాయితం మీద ఒక గీత గీసి సంవత్సరాలు వేసుకోండి, ఏ ఏడు ఏ కోర్టు అని. ఆ కాయితం ఎప్పుడూ పక్కన ఉండాలి.

స్టెప్ 3: ఇండెక్సు పట్టండి, కానీ మన ఈసీ లాగా ఉండదు

మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో పేర్ల ఇండెక్సు వేరే, ఆస్తి ఇండెక్సు వేరే ఉంటాయి, సర్వే నంబరు చెప్తే ఈసీ వచ్చేస్తుంది. కాలనీల కాలంలో వర్జీనియాలో సర్వే నంబరు అనేదే లేదు, కాబట్టి భూమి మీద వెతకలేరు, పేరు మీదే వెతకాలి. రెండు ఇండెక్సులు ఉంటాయి, అమ్మినవాళ్ళది గ్రాంటర్ ఇండెక్సు, కొన్నవాళ్ళది గ్రాంటీ ఇండెక్సు. రెండూ చూడాలి, మొదటి అక్షరం కింద ఉన్న పేర్లన్నీ చూడాలి, ఎందుకంటే చాలా ఇండెక్సుల్లో మొదటి అక్షరం ప్రకారమే సర్దుతారు, లోపల అక్షర క్రమం ఉండదు. ఒకే మనిషి పేరుని ఒకే కాయితంలో గుమాస్తా మూడు రకాలుగా రాస్తాడు, అప్పట్లో స్పెల్లింగుకి పట్టింపు లేదు, చెవికి ఎలా వినపడితే అలా. ఐ అక్షరం, జే అక్షరం ఒకేలా ఉంటాయి, చిన్న ఎస్ పొడుగ్గా ఎఫ్ లాగా ఉంటుంది. చదవడం మొదటి వారం కష్టం, తర్వాత అలవాటవుతుంది, మన గొలుసుకట్టు రాతలు చదివినవాళ్ళకి ఇంకా తొందరగా పట్టుబడుతుంది.

ఎక్కడ చూడాలంటే, ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు ఉచితం, అకౌంట్ ఒకటి పెట్టుకుంటే చాలు. క్యాటలాగ్‌లో కౌంటీ పేరు కొట్టి భూమి రికార్డులు, ప్రొబేట్ రికార్డులు (వీలునామాలు, చనిపోయినవాళ్ళ ఆస్తి కాయితాలు) అనే విభాగాలు తెరవండి. కొన్ని పేజీల బొమ్మలు ఇంట్లో తెరుచుకోవు, వాళ్ళ సెంటర్‌కో, అనుబంధ లైబ్రరీకో వెళ్ళి చూడాలి. 2024 నుంచి వాళ్ళు ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అని పెట్టారు, చేతిరాతని కంప్యూటర్ చదివి వెతికిస్తుంది, మొదట పెట్టిందే అమెరికా భూమి, ప్రొబేట్ రికార్డులు. దీనివల్ల ఇండెక్సులో ఎక్కని పేర్లు, అంటే సాక్షులు, పక్క పొలం వాళ్ళు, జామీనుదార్లు కూడా దొరుకుతున్నారు, ఇది నిజంగా పెద్ద మార్పు. కానీ కంప్యూటర్ తప్పు చదివింది దొరకదు, అందుకని అందులో రాలేదు కాబట్టి లేదు అనుకోకండి, ఇండెక్సు కూడా చూడండి. ఇక రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో పాత రికార్డులు దాచే లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఉంది, దాని గురించి కింద చెప్తా.

స్టెప్ 4: డీడ్ మొత్తం చదవండి, సారాంశంతో ఆగకండి

ఇక్కడ కాసేపు ఆగుతాను, నా పని ఇదే కాబట్టి.

పాత డీడ్ తీసుకుంటే అందులో మన దస్తావేజు అంగాలన్నీ ఉంటాయి. తేదీ, అమ్మేవాడు, కొనేవాడు, వాళ్ళు ఏ కౌంటీ వాళ్ళు, ప్రతిఫలం ఎంత, భూమి ఎలా సంక్రమించింది, హద్దులు, సాక్షులు, చివర కోర్టులో ఎప్పుడు ఒప్పుకున్నారు. దుకాణం లాంటి పని చేసేవాడైతే వృత్తి కూడా రాస్తారు, ఒకే పేరుతో ఇద్దరున్నప్పుడు విడదీయడానికి అది బాగా పనికొస్తుంది. 'ఫలానా కౌంటీ వాసి' అని వేరే కౌంటీ పేరు ఉంటే ఆయన అప్పటికే మారిపోయాడని, ఏ కౌంటీకి మారాడో కూడా చెప్పినట్టే.

మధ్యలో 'ఈ భూమి ఫలానా సంవత్సరం ఫలానా ఆయనకి గ్రాంటుగా (మొదటి పట్టాగా) ఇచ్చిన 412 ఎకరాల్లో భాగం, ఆయన పెద్దకొడుకు, న్యాయ వారసుడు అయిన ఈ అమ్మకందారుకి సంక్రమించింది' అని ఒక వాక్యం ఉంటుంది, అన్ని డీడ్లలో ఉండదు గానీ ఉంటే అది బంగారం. నాకు దొరికింది సరిగ్గా అలాంటిదే. 1771లో మా అల్లుడి పూర్వీకుడు 170 ఎకరాలు అమ్మాడు, కొన్నట్టు ఎక్కడా లేదు, డీడ్ పొట్టలో ఆ ఒక్క ముక్కలో తండ్రి పేరు, 1741 గ్రాంటు రెండూ ఉన్నాయి. అంతకుముందు ఎవరో టైపు చేసి పెట్టిన సారాంశం చదివి వదిలేశాను, అందులో ఆ వాక్యం తీసేశారు. నేను దస్తావేజులు రాసిన మనిషినై ఉండి కూడా సారాంశం నమ్మాను, ఇది నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి ఒరిజినల్ బొమ్మ చూడండి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా.

లీజ్, రిలీజ్ అని వరసగా రెండు కాయితాలు కనపడతాయి. ఇవాళ 5 షిల్లింగులకి ఏడాది లీజు, రేపు అదే భూమికి అసలు ధరతో రిలీజు. చూసి కౌలుకి ఇచ్చాడేమో అనుకుంటాం, కాదు, రెండూ కలిపితే ఒక్క అమ్మకం, అప్పటి ఇంగ్లీషు చట్టం చుట్టూ తిరగడానికి లాయర్లు కనిపెట్టిన పద్ధతి. అసలు కౌలు కాయితాలు వేరే ఉంటాయి, ఉత్తర వర్జీనియాలో మూడు ప్రాణాల లీజులు అని ఉండేవి, కౌలుదారు, భార్య, కొడుకు అని ముగ్గురి పేర్లు రాసి ఆ ముగ్గురిలో చివరి మనిషి బతికున్నంత కాలం కౌలు నడుస్తుంది అని. చూశారా, ఒక్క కాయితంలో కుటుంబం దొరికింది. సొంత భూమి లేని పేదవాళ్ళని పట్టుకోవడానికి ఇది మంచి దారి.

గిఫ్ట్ డీడ్ కనపడితే వదలకండి. మన దానపత్రాల్లో 'నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత' అని రాస్తాం, నేను ఎన్ని వందలసార్లు రాసుంటానో, అక్కడ 1749 నాటి కాయితంలో సహజమైన ప్రేమాభిమానాల వల్ల అని అచ్చం అదే మాట చదివి ఆ రోజు మా అమ్మాయిని పిలిచి చూపించాను. తండ్రి కొడుకుకో అల్లుడికో ఇచ్చే కాయితం అది, బంధుత్వం నోటితో చెప్తుంది. ధర 5 షిల్లింగులు అని మరీ తక్కువగా ఉన్నా అనుమానించండి, సంబంధం ఏదో ఉండే ఉంటుంది.

భార్య విషయం. భర్త భూమి అమ్మితే భార్యకి అందులో డవర్ హక్కు ఉంటుంది, అంటే భర్త పోతే ఆయన భూమిలో మూడో వంతు ఆవిడ బతికున్నంత కాలం అనుభవించే హక్కు. కట్నం అనుకోకండి, అది వేరు. ఆ హక్కు వదులుకున్నట్టు ఆవిడని భర్త పక్కన లేకుండా విడిగా అడిగి కోర్టులో రాసుకుంటారు. చాలామంది ఆడవాళ్ళ పేరు జీవితంలో కాయితం మీదకి వచ్చింది ఆ ఒక్క రోజే, అందుకని డీడ్ అయిపోయాక వెనక పేజీలు కూడా తిప్పండి, డవర్ వదులుకున్న కాయితం ఒక్కోసారి కొన్ని నెలల తర్వాత ఎక్కుతుంది. ఇక నలుగురు మగవాళ్ళు, నాలుగు ఇంటిపేర్లు, వాళ్ళ భార్యలతో కలిసి ఒకే భూమిలో తలా ఒక వాటా ఒకే మనిషికి అమ్ముతుంటే, ఆ నలుగురు భార్యలూ అక్కచెల్లెళ్ళు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. చనిపోయిన తండ్రి ఎవరో వెతకడమే మిగిలింది.

స్టెప్ 5: హద్దులు గీయండి, పక్క పొలం వాళ్ళని రాసుకోండి

మన దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని చెక్కుబందీ రాస్తాం కదా, వాళ్ళు ఒక చెట్టు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే వస్తారు. 'వాగు పక్కన తెల్ల ఓక్ చెట్టు నుంచి ఉత్తరం 30 డిగ్రీలు తూర్పుకి 160 పోల్స్ వెళ్ళి హికరీ చెట్టు, అది ఫలానా వాళ్ళ మూల' ఇలా ఉంటుంది. ఒక పోల్ అంటే 16.5 అడుగులు, 4 పోల్స్ అయితే 66 అడుగుల గొలుసు, 320 పోల్స్ ఒక మైలు, 160 చదరపు పోల్స్ ఒక ఎకరం. ఆ 66 అడుగుల గొలుసు మనకి కొత్త కాదు, ఇంగ్లీషువాళ్ళు రెండు చోట్లకీ తెచ్చిన గొలుసే. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు అయితే మన లెక్కలో 10 సెంట్లు, తెలంగాణ లెక్కలో 4 గుంటలు. లెక్క ఇలా మనసులో పడితే ఆ పోల్స్ భయపెట్టవు.

గ్రాఫ్ కాయితం, స్కేలు, కోణమానిని తీసుకోండి. 1 సెంటీమీటరుకి 20 పోల్స్ పెట్టుకుంటే పైన చెప్పిన 160 పోల్స్ గీత 8 సెంటీమీటర్లు వస్తుంది. పైన ఉత్తరం, ఉత్తరం గీత నుంచి తూర్పు వైపు 30 డిగ్రీలు వంచి గీయండి, ఆ చివర నుంచి తర్వాతి గీత, అలా చుట్టేయండి. చివరి గీత మొదటి చుక్క దగ్గరికి కొంచెం తేడాతో వస్తే పర్లేదు. బాగా తేడా వస్తే గుమాస్తా కాపీ చేసేటప్పుడు ఒక గీత మింగేశాడని లేదా ఉత్తరానికి దక్షిణం రాశాడని అర్థం, ఇది మామూలే. దిక్సూచి దిక్కులు కాబట్టి ఇప్పటి మ్యాప్ మీద పెట్టేటప్పుడు బొమ్మ మొత్తాన్ని కొన్ని డిగ్రీలు తిప్పాలి, వాగు వంపులు సరిపోయేలా తిప్పి చూసుకోండి.

ఎందుకింత కష్టం అంటే, ఒకే పేరుతో ఇద్దరుంటే భూమే విడదీస్తుంది. పెళ్ళిళ్ళు కూడా గట్టు పక్క గట్టు వాళ్ళతోనే జరిగేవి, భార్య పుట్టింటివాళ్ళు పక్క పొలంలోనే ఉండే అవకాశం ఎక్కువ. సర్వే కాయితం దొరికితే గొలుసు పట్టినవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి, వాళ్ళు చాలాసార్లు తమ్ముళ్ళో బావమరుదులో పక్కవాళ్ళో. ఇంకోటి, వర్జీనియాలో నాలుగేళ్ళకొకసారి చర్చి పెద్దలు ఆదేశిస్తే పక్కపక్క రైతులంతా కలిసి హద్దుల వెంట నడిచి చెట్ల మీద గుర్తులు మళ్ళీ కొట్టేవాళ్ళు, ప్రొసెషనింగ్ అనేవాళ్ళు, గట్టు తగాదాలు రాకుండా. ఎవరి భూమి చుట్టూ నడిచారు, ఎవరు హాజరయ్యారు అనేది చర్చి పుస్తకాల్లో రాసుంది. డీడ్లు కాలిపోయిన చోట ఇవి అక్కరకొస్తాయి.

స్టెప్ 6: మొదటి గ్రాంటు దాకా వెళ్ళండి

లింకులు తవ్వుకుంటూ పోతే చివరికి ప్రభుత్వం ఇచ్చిన పట్టా దగ్గర ఆగుతాయి. (అంతకుముందు ఆ నేల మీద ఉన్న అమెరికా ఆదివాసీ తెగల దగ్గర్నుంచి అది ఎలా చేతులు మారిందో ఈ పుస్తకాలు చెప్పవు.) వర్జీనియాలో చాలా భాగం రాజు పేరు మీద గవర్నరు ఇచ్చిన పట్టాలు, వాటిని పేటెంట్లు అంటారు. పొటోమాక్, రాపహానక్ నదుల మధ్య భూమి మాత్రం నార్తర్న్ నెక్ అని వేరే ఎస్టేటు, చివరికి లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ చేతికొచ్చింది, మన జమీందారీ లాంటిదే, ఆయన ఆఫీసే గ్రాంట్లు ఇచ్చేది. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ వాళ్ళ కాయితాలు ఈ రెండోదాంట్లోనే చూడాలి. రెండు రకాల పుస్తకాలూ లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి, బొమ్మలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

హెడ్‌రైట్ గురించి జాగ్రత్త. 1618 నుంచి వర్జీనియాలో ఒక మనిషిని ఓడ ఛార్జీ పెట్టుకుని తెస్తే 50 ఎకరాలు ఇచ్చేవాళ్ళు, పేటెంటు కింద ఆ మనుషుల పేర్లు రాసేవాళ్ళు. అందులో మీ పూర్వీకుడి పేరు చూసి ఆ ఏడాదే ఓడ దిగాడు అనుకుంటారు, తప్పు. ఆ హక్కుల్ని కొని అమ్ముకునేవాళ్ళు, మనిషి వచ్చిన ఎన్నో ఏళ్ళకి వాడుకునేవాళ్ళు, ఒకే మనిషి పేరు మీద రెండుసార్లు భూమి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ తేదీకి ముందు ఎప్పుడో వచ్చి ఉండొచ్చు అని మాత్రమే రాసుకోండి.

స్టెప్ 7: వీలునామా ఉందా లేదా, రెండిట్లో ఏదైనా సరే

వర్జీనియాలో అప్పట్లో వీలునామాలు కూడా ఎక్కువగా కౌంటీ కోర్టులోనే రిజిస్టరయ్యేవి. వీలునామా మీద రెండు తేదీలుంటాయి, రాసిన తేదీ, సాక్షులు వచ్చి కోర్టులో నిరూపించిన తేదీ. మనిషి ఆ రెండిటి మధ్యలో చనిపోయాడు. ఇంతకంటే ఖచ్చితంగా చావు తేదీ దొరకడం అరుదు.

వీలునామాలో పేరు లేని పిల్లలు లేనట్టు కాదు. పెద్దకొడుక్కి అప్పటికే భూమి గిఫ్టుగా ఇచ్చేసుంటే ఆయన పేరు ఎత్తరు, కూతురికి పెళ్ళప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేసుంటే ఆమె పేరూ ఎత్తరు. ఒక షిల్లింగు రాశాడంటే తండ్రికి కోపం వచ్చిందని కథలల్లేస్తారు, చాలాసార్లు వాటా ముందే ముట్టిందని, మళ్ళీ కోర్టుకి రాకుండా పేరు పెట్టి ముగించాడని అర్థం.

మాటల అర్థాలు కూడా ఇప్పటివి కావు. కజిన్ అని రాస్తే మేనల్లుడో అన్న కొడుకో కావచ్చు, సన్ ఇన్ లా అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి భర్త కొడుకూ కావచ్చు. ఆర్ఫన్ అంటే తండ్రి పోయినవాడు, తల్లి బతికే ఉండొచ్చు. ఇన్ఫెంట్ అంటే చంటిపిల్లాడు కాదు, 21 నిండనివాడు. రెలిక్ట్ అంటే భార్య, భర్త పోయినావిడ. సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులని కాదు, ఆ ఊళ్ళో అదే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు, చిన్నవాడు అంతే, పెద్దాయన పోగానే జూనియర్ కాస్తా సీనియర్ అయిపోతాడు. దీన్ని పట్టుకోకపోతే ఇద్దరి జీవితాలు కలిపేసి ఒక్కడిని చేసేస్తాం.

వీలునామా లేకుండా పోతే ఇంకా మంచిది అంటాను నేను, ఎందుకంటే కాయితాలు ఎక్కువ పుడతాయి. ఆస్తి చక్కబెట్టడానికి కోర్టు ఒక అడ్మినిస్ట్రేటర్‌ని వేస్తుంది, మామూలుగా భార్య లేదా పెద్దకొడుకు లేదా పెద్ద అప్పిచ్చినవాడు. ఆ మనిషి బాండు రాయాలి, బాండుకి జామీనుదార్లు ఉండాలి, ముక్కూమొహం తెలియనివాడికి ఎవడూ జామీను ఉండడు కదా, కాబట్టి ఆ జామీనుదార్లలో భార్య అన్నదమ్ములో తండ్రో ఉండే అవకాశం చాలా ఉంది. మా దాంట్లో 1755 బాండులో జామీను ఉన్నాయన ఇంటిపేరే తర్వాత మనవడికి మొదటి పేరుగా వచ్చింది, అప్పుడు చనిపోయినాయన భార్య పుట్టింటి మీద నాకు అనుమానం మొదలైంది.

భూమి ఎవరికి పోతుంది అన్నది కాలనీని బట్టి. వర్జీనియాలో వీలునామా లేకపోతే భూమి మొత్తం పెద్దకొడుక్కే, 1785లో చేసిన చట్టం 1787 నుంచి అమలయ్యేదాకా ఇదే పద్ధతి. మసాచుసెట్స్ లాంటి న్యూ ఇంగ్లండ్ (ఈశాన్యపు) కాలనీల్లో పిల్లలందరికీ వాటా, పెద్దకొడుక్కి రెండు వాటాలు. ఇది తెలిస్తే 'కొన్న కాయితం లేకుండా అమ్ముతున్నాడు' అనే మనిషి పెద్దకొడుకు అని ఊహించొచ్చు, ఊహించి ఆగకుండా తండ్రి ఆస్తి అడ్మినిస్ట్రేషన్ కాయితాలు వెతకొచ్చు.

అందరికీ తెలిసిన మనుషులతో చెప్తాను. డేనియల్ పార్క్ కస్టిస్ అనే బాగా ఆస్తిపరుడు 1757లో వర్జీనియాలో వీలునామా లేకుండా చనిపోయాడు. భార్య మార్తాకి మూడో వంతు జీవితకాలం హక్కు, మిగతాది పిల్లలకి. ఆవిడ 1759లో జార్జ్ వాషింగ్టన్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ మూడో వంతులో బానిసలుగా ఉన్న మనుషులు కూడా ఉన్నారు. వాషింగ్టన్ 1799 వీలునామాలో తన సొంతంగా ఉన్నవాళ్ళకి విడుదల రాశాడు గానీ ఈ డవర్ వాళ్ళని విడుదల చేసే హక్కు ఆయనకీ లేదు ఆవిడకీ లేదు, 1802లో మార్తా పోయాక వాళ్ళని కస్టిస్ మనవలకి పంచేశారు, పెళ్ళిళ్ళు చేసుకుని ఒకటైన కుటుంబాలు విడిపోయాయి. ఒక మనిషి వీలునామా రాయకపోవడం 45 ఏళ్ళ తర్వాత ఎంతమంది బతుకుల మీద పడిందో చూడండి.

స్టెప్ 8: ఇన్వెంటరీ

చనిపోయినాయన సామాను ముగ్గురు నలుగురు పక్కవాళ్ళు వచ్చి గది గదీ తిరిగి రాస్తారు. ఈకల పరుపు, ఇనప కుండ, ఆవు దూడ, పాత పుస్తకాలు ఒక మూట, పక్కన ధర పౌండ్లలో షిల్లింగుల్లో పెన్నీల్లో. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. బాకీలు మాత్రం పొగాకు పౌండ్లలో కూడా ఉంటాయి, పొగాకే డబ్బు అక్కడ. వర్జీనియా ఇన్వెంటరీల్లో భూమి రాయరు, చరాస్తి ఒక్కటే, కాబట్టి ఇన్వెంటరీలో భూమి లేదు కాబట్టి భూమి లేనివాడు అనుకోకండి. న్యూ ఇంగ్లండ్‌లో అయితే భూమీ రాస్తారు. పనిముట్లు చూస్తే వృత్తి తెలుస్తుంది, కమ్మరి సామానా వడ్రంగి సామానా అని.

ఆవుల పక్కనే మనుషుల పేర్లుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కాసేపు లేచి వెళ్ళిపోయాను. 1755 ఇన్వెంటరీలో 7 పేర్లున్నాయి, ఒక ఆడమనిషి, ఆమె బిడ్డ అని రాసి ఇద్దరికీ కలిపి ఒక ధర. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకి తమ పూర్వీకుల పేరు దొరికేది ఇలాంటి పుస్తకాల్లోనే, వేరే ఎక్కడా లేకపోవచ్చు. మీ కుటుంబం వెతుకుతూ అలాంటి పేజీ కనపడితే ఆ పేర్లన్నీ రాసినవి రాసినట్టు, కౌంటీ, పుస్తకం, పేజీ నంబరుతో సహా ఎత్తి రాసి ఆన్‌లైన్‌లో పెట్టండి. మీ పనికి అక్కర్లేదని వదిలేయకండి, ఎవరో అవే పేర్లు ఏళ్ళుగా వెతుకుతూ ఉంటారు.

పిల్లలు చిన్నవాళ్ళయితే గార్డియన్ కాయితాలు కూడా చూడండి. 14 నిండినవాళ్ళు గార్డియన్‌ని తామే ఎంచుకోవచ్చు, కాబట్టి కోర్టు వేసిందా పిల్లాడు ఎంచుకున్నాడా అన్నదాన్ని బట్టి వయసు అంచనా కట్టొచ్చు. భూమి అమ్మాలంటే 21 ఉండాలి, 1745లో అమ్మాడంటే 1724కో అంతకుముందో పుట్టాడు. పన్ను లెక్కకి మగపిల్లలు 16కి వస్తారు. ఇలా మూడు నాలుగు కలిపితే పుట్టిన సంవత్సరం రెండు మూడేళ్ళ తేడాలోకి వస్తుంది.

తేదీల సంగతి

1752 ముందు ఇంగ్లీషు కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది చుట్టుపక్కల. అంటే 1740 డిసెంబరు తర్వాత వచ్చేది 1740 జనవరి, అందుకే 1740/41 అని రెండు అంకెలు వేస్తారు. ఇది తెలియకపోతే వీలునామా నిరూపించిన తేదీ రాసిన తేదీ కంటే ముందున్నట్టు కనపడి తల పట్టుకుంటాం. 1752 సెప్టెంబరులో 2 తర్వాత ఏకంగా 14 వచ్చింది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు నెలల పేర్లు రాయకుండా అంకెలు రాస్తారు, 1752 ముందు వాళ్ళ మొదటి నెల మార్చి.

వేరే కాలనీ అయితే

కనెక్టికట్, రోడ్ ఐలండ్‌లలో డీడ్లు కౌంటీలో కాదు, టౌన్‌లో ఉంటాయి. మసాచుసెట్స్‌లో కౌంటీలోనే. పెన్సిల్వేనియాలో వారంట్, సర్వే, పేటెంట్ అని మూడు మెట్లు, మూడూ విడిగా అడగాలి. మేరీల్యాండ్‌లో ప్రొబేట్‌కి రాజధాని అనాపొలిస్‌లో ప్రిరోగటివ్ కోర్టు అని వీలునామాల కోర్టు ఉండేది, కౌంటీలో పోయినా అక్కడ కాపీ దొరకొచ్చు. సౌత్ కరోలినాలో వీలునామాలన్నీ చార్లెస్టన్‌లోనే. ఇంగ్లండ్‌లో కూడా ఆస్తి ఉండి ఇక్కడ చనిపోయినవాళ్ళ వీలునామా లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, కాంటర్‌బరీ ప్రిరోగటివ్ కోర్టు పుస్తకాల్లో ఉండొచ్చు, ఇంగ్లండ్‌లో సొంతూరు పేరు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

కాలిపోయిన కౌంటీ అయితే

వర్జీనియాలో చాలా కోర్టులు కాలిపోయాయి. బకింగ్‌హామ్ 1869లో, హానోవర్, జేమ్స్ సిటీ వాళ్ళవి అంతర్యుద్ధం అప్పుడు భద్రంగా ఉంటాయని రిచ్‌మండ్ పంపితే 1865లో ఆ ఊరితో పాటు తగలబడ్డాయి. అలాంటప్పుడు కౌంటీ బయట ఉన్నవి పట్టుకోండి. పేటెంట్ల పుస్తకాలు కౌంటీ కోర్టుల్లో కాకుండా ప్రభుత్వం దగ్గర విడిగా ఉండేవి, ఆ మంటల్లో పోకుండా మిగిలాయి. 1704 క్విట్ రెంట్ లిస్టు ఉంది, భూమి శిస్తు లాంటిది, నార్తర్న్ నెక్ తప్ప మిగతా కౌంటీల భూస్వాముల పేర్లు, ఎకరాలు ఉంటాయి. పక్క కౌంటీ పుస్తకాలు చూడండి, గట్టు అవతల వాడి డీడ్‌లో మీవాడి పేరు ఉంటుంది. ఛాన్సరీ అనే కోర్టు కేసులు అయితే మరీ ముఖ్యం, దాయాదుల తగాదాలు 30, 40 ఏళ్ళు నడిచి తాత నుంచి మనవల దాకా పేర్లన్నీ చెప్తాయి, లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో వాటికి ఆన్‌లైన్ ఇండెక్సు ఉంది, ఉచితం.

లెక్క రాసుకునే పద్ధతి

నోటు పుస్తకంలో ఒక్కో భూమికి ఒక్కో పేజీ. ఎడమ పక్క ఎలా వచ్చింది, కుడి పక్క ఎలా పోయింది, ప్రతి వాక్యం పక్కన కౌంటీ, పుస్తకం పేరు, పేజీ నంబరు. మా పేజీ ఇలా ఉంది. ఎడమ పక్క 1741 గ్రాంటు, 412 ఎకరాలు, అప్పటికి అది ప్రిన్స్ విలియం. కుడి పక్క 1749లో 112 ఎకరాలు చిన్నకొడుక్కి గిఫ్టు, అప్పటికి ఫెయిర్‌ఫాక్స్. 1755లో తండ్రి మరణం, మిగతా 300 పెద్దకొడుక్కి. 1771లో 170 అమ్మకం, లౌడన్. 1778లో 100 అమ్మకం, భార్య డవర్ వదులుకున్న కాయితం తర్వాతి పేజీలో ఉంది.

30 ఎకరాలు ఇంకా తేలలేదు. వాగు పక్కన ఉత్తరం కొస ముక్క అని గ్రాఫ్ కాయితం మీద కనపడుతోంది, దాని పక్క పొలం పేరు 1755 జామీనుదారుడిదే. వచ్చే వారం ఆ ఇంటిపేరు మీద ఛాన్సరీ ఇండెక్సు చూడాలి.